మేట మీద ఒకాయన

"రాష్ట్రంలో ఇకమీదట ఏ సాఫ్ట్‌వేరూ అనాథ కాదు! దిక్కులేని ప్రతి సాఫ్ట్‌వేరుకీ ఓ పెద్దదిక్కు ఉంటుంది. ఆ దిక్కు నేనే!"

గుడివాడ సభలో ఉమ్మడి వనరుల శాఖామంత్రి ధనరాజు గారు ఈ ముక్క అనగానే హాలంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న శ్యాంబాబు అందరికంటే నాలుగు చప్పట్లు ఎక్కువే కొట్టాడు. ఆ నాలుగూ ఎక్కడో ఒకచోట జమ అవుతాయని అతని నమ్మకం.

శ్యాంబాబుకి బందరులో ఫ్లెక్సీలు వేసే షాపు ఉంది. పార్టీలో కంప్యూటర్ ముందు కూర్చోగల మనిషి అతనొక్కడే కాబట్టి, అతన్ని జిల్లా డిజిటల్ కన్వీనర్ని చేశారు. మంత్రి గారి బొమ్మ నలభై అడుగుల ఎత్తున వేసి, గడ్డం కింద ఉన్న రెండో గడ్డాన్ని ఎవరి గడ్డం పట్టుకోకుండానే మాయం చెయ్యగల చెయ్యి అతనిది. ప్రభుత్వం కొత్తగా పెట్టబోతున్న ఉమ్మడి సాఫ్ట్‌వేర్ సంరక్షణ సంస్థలో డైరెక్టర్ కుర్చీ మీద కూడా ఆ చెయ్యే వేసి ఉంచాడు.

ఇంతకీ మంత్రి గారి జాలికి నోచుకున్న ఆ అనాథ పేరు 'పోటుపాటు'. మంత్రి గారు సభలో దాన్ని రెండుసార్లు 'పొరపాటు' అని చదివారు గానీ, అది ఆయన పొరపాటు కాదు, అక్షరాలు చిన్నవి. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట నీళ్ళ కింద ఇసుకమేట ఉంటుంది. ఏ వేళకి పోటు వచ్చి నీళ్ళు పెరుగుతాయో, ఏ వేళకి పాటు వచ్చి తగ్గుతాయో, పడవ ఎప్పుడు మేట దాటొచ్చో చెప్పే యాప్ అది. తొమ్మిదేళ్ళ కిందట రూతు అనే ఆవిడ రాసింది. సొంతూరు కోడూరు, బందరులో ఓ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ఓపెన్ సోర్స్ కింద పెట్టేసింది. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ తీసుకోవచ్చు, లోపలికి తొంగిచూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. ఈ నాలుగింటిలో నాలుగోది తప్ప జనం అన్నీ చేశారు.

నాలుగోది చేసే మనిషి హంసలదీవిలో ఒక్కతే ఉంది. చేపలమ్మే నాగమల్లేశ్వరి. ఒడ్డున పాతిన గెడ మీద మూడో గీతకి నీళ్ళు ఎన్నింటికి వచ్చాయో చూసి, రోజూ ఫోన్‌లో చెబుతుంది. వరదొచ్చినప్పుడల్లా మేట జరుగుతుంది గనక, రూతు ఆ కబురు పట్టుకుని లెక్క సరిచేస్తుంది. పోయిన నెల ఆ యాప్ అడుగున ఓ ప్రకటన కనిపించింది.

"ఒక్కదాన్నే చేయలేకపోతున్నాను. రోజుకో గంట పనిచేసే మనుషులు ఇద్దరు కావాలి. దొరక్కపోతే వచ్చే ఒకటో తారీఖు నుంచి ఆపేస్తాను. — రూతు."

ఇది ఒక పేపర్లో పడింది. పేపర్లో పడ్డ కష్టమేదైనా మంత్రి గారు తట్టుకోలేరు.

రూతుని పిలిపించారు. పక్కన శాఖ జాయింట్ డైరెక్టర్ సత్యానందం గారు. ఆయన రెవెన్యూలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసి వచ్చినవారు.

"అమ్మా, దీనికి ఓనరెవరు?" అన్నారు మంత్రి గారు.

"ఎవరూ లేరండీ. అందరిదీ."

"అందరిదీ అంటే పోరంబోకన్నమాట," అని సత్యానందం గారు కలం తీశారు. "సర్వే నంబరు చెప్పండి."

"నంబరేం ఉండదండీ. కోడ్ అంతా బయటే ఉంటుంది."

"కోడ్ ఇప్పుడెక్కడుందమ్మా? ఎన్నికలకి ఇంకా మూడేళ్ళు టైముంది!" అని మంత్రి గారు నవ్వారు. అందరూ నవ్వారు. శ్యాంబాబు అందరూ ఆపేశాక కూడా కాసేపు నవ్వాడు.

రూతు ఓపిక చేసుకుంది. "సార్, కాలవ లాంటిదనుకోండి. నీళ్ళు అందరూ వాడుకుంటారు. గుర్రపుడెక్క మాత్రం ఎవరూ తియ్యరు. తొమ్మిదేళ్ళ నుంచీ నేనొక్కదాన్నే తీస్తున్నా. ఇద్దరు మనుషుల్ని ఇప్పించండి, చాలు."

మంత్రి గారి కళ్ళు చెమర్చాయి. "సత్యానందం గారూ, రాసుకోండి. గుర్రపుడెక్క."

మూడో రోజు పొద్దున్నే రూతు ఇంటి ముందు ఏనుగు తొండమంత చెయ్యి ఉన్న మిషను ఆగింది. వెనక ట్రాక్టరు. దానిలో ఎనిమిది మంది.

"డెక్క ఎక్కడుందమ్మా?" అన్నాడు డ్రైవరు.

"సాఫ్ట్‌వేర్లో ఉందయ్యా."

"అది ఏ మండలమండీ?"

వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో పోవడం ప్రభుత్వానికి మర్యాద కాదు గనక, వాకిట్లో ఉన్న బచ్చలిపాదు పీకి, దాంతో ఫోటో దిగి వెళ్ళారు. మర్నాడు పేపర్లో ఆ ఫోటో కింద 'సాఫ్ట్‌వేర్ ప్రక్షాళన ప్రారంభం' అని పడింది.

మంత్రి గారు అంతటితో ఆగే మనిషి కారు. రూతు ఇద్దర్ని అడిగితే నలభై ఒక్కమందితో కమిటీ వేశారు. ఓపెన్ సోర్స్ అనేది జనం కాంట్రిబ్యూషన్ మీద నిలబడుతుందని ఎవరో చెప్పగా విని, "కాంట్రిబ్యూషన్ గురించి మనవాళ్ళకి నేర్పాలటయ్యా?" అని ఓ పిలుపు ఇచ్చారు.

పార్టీ కార్యకర్త ఏ శుభకార్యానికైనా ఇచ్చేది ఒకటే, తన ఫోటో. పుట్టినరోజు ఫ్లెక్సీకి ఫోటో, వరద సాయం ఫ్లెక్సీకి ఫోటో. సాఫ్ట్‌వేరుకి మాత్రం ఎందుకివ్వడు? శ్యాంబాబు రూతు దగ్గరికి వెళ్ళి యాప్ కాపీ అడిగాడు.

"తీసుకోండి. దానికి నన్ను అడగక్కర్లేదండీ," అంది రూతు. "మీ మార్పులు మీ కాపీలో చేసుకోండి. పాతది పాతచోటే ఉంటుంది."

"ఆపేస్తానన్న ఆ ముక్క తీసేస్తే బావుంటుందండీ. మంత్రి గారు బాధపడుతున్నారు."

"మనుషులు రాగానే తీసేస్తానండీ. ఇప్పటిదాకా ఫోటోలే వచ్చాయి."

వారంలో నాలుగువేల ఎనిమిది వందల పన్నెండు ఫోటోలు వచ్చాయి. అన్నీ యాప్ మొదటి పేజీలోనే పెట్టాలి. పెదపారుపూడి నాయకుడొకాయన తన బొమ్మ రెండో వరసలోకి జారిందని అలిగి షాపు ముందు బైఠాయించాడు. చుట్టూ అందరి తలలూ గోళీలంత, మధ్యలో మంత్రి గారు, ఆయన తల మాత్రం కుండంత. ఈ ముఖాలన్నీ మోసేసరికి యాప్ తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. శ్యాంబాబు భయపడుతూనే ఆ సంగతి మంత్రి గారి చెవిన వేశాడు.

"పదకొండు నిమిషాలు జనం నా మొహమే చూస్తారా?" మంత్రి గారి మొహం విప్పారింది. "ఏ టీవీ వాడిస్తాడయ్యా అంత టైము!"

తర్వాత ఆయన దృష్టి 'పాటు' మీద పడింది.

"నీళ్ళు తగ్గును అని రాశారేంటయ్యా? మన ప్రభుత్వంలో తగ్గడం ఏంటి?"

"సముద్రం కదండీ..." అని నసిగాడు శ్యాంబాబు.

"సముద్రమైనా సరే. ప్రజల కోసం పాటుపడే ప్రభుత్వంలో పాటు ఉండకూడదు. తీసెయ్."

పాటు తీసేశారు. ఇక పోటే పోటు. యాప్‌కి 'ధన్యపోటు' అని పేరు పెట్టారు. నెలాఖరులో, ఒకటో తారీఖుకి రెండు రోజుల ముందు, నది సముద్రంలో కలిసేచోట పడవలో నిలబడి మంత్రి గారు బటన్ నొక్కడానికి ముహూర్తం కుదిరింది.

ఆ రోజు పదిన్నరకి హంసలదీవి ఒడ్డున పడవ సిద్ధం. నడిపేవాడు గోపి, నాగమల్లేశ్వరి కొడుకు.

"ఇప్పుడొద్దండీ బాబుగారూ," అన్నాడు గోపి. "పాటు మొదలైంది. మేట తగులుద్ది."

"ప్రభుత్వ యాప్ ప్రకారం పాటు అనేది లేదు," అన్నారు సత్యానందం గారు.

ఒడ్డున గెడ పక్కన గంప దించుకున్న నాగమల్లేశ్వరి నోరు చేసుకుంది. "ఆ సంగతి సముద్రానికి చెప్పారా అండీ?"

"జీవో పంపాం," అన్నారు సత్యానందం గారు.

పడవ కదిలింది. మంత్రి గారు, సత్యానందం గారు, శ్యాంబాబు, ఓ వీడియో మనిషి. పావుగంట గడిచిందో లేదో, అడుగున ఎవరో అరచేత్తో పట్టుకున్నట్టయింది. పడవ ఆగింది. నీళ్ళు ఎంతో మర్యాదగా చుట్టూ తప్పుకున్నాయి. ఓ గంటకి చూస్తే పడవ ఇసుక మీద స్టేజీలా నిలబడి ఉంది. దిగుదామంటే చుట్టూ నడుములోతు బురద. పీతలు నాలుగు వైపుల నుంచీ వచ్చి సభలా కూర్చున్నాయి.

"ఎవరూ ఇరుక్కున్నాం అనకూడదు," అన్నారు మంత్రి గారు. "ఆగాం. అంతే."

"అంతేనండీ," అన్నాడు శ్యాంబాబు. ఎండ మాడ్చేస్తోంది.

"మళ్ళీ నీళ్ళెప్పుడొస్తాయో మన యాప్‌లో చూడు."

శ్యాంబాబు ధన్యపోటు తెరిచాడు. కోడూరు ఫోటోలు వచ్చాయి, గుడివాడ ఫోటోలు వచ్చాయి, సిగ్నల్ పోయింది, మళ్ళీ కోడూరు దగ్గర మొదలైంది. పెదపారుపూడి నాయకుడు రెండో వరసలోంచి గుర్రుగా చూశాడు. నలభై నిమిషాలకి అసలు సంగతి బయటపడింది: 'పోటు: ఎల్లప్పుడూ.'

మంత్రి గారు ఎల్లప్పుడూ అన్న ముక్కనీ, ఎదురుగా ఉన్న పీతల్నీ మార్చి మార్చి చూశారు.

గోపి మొలలోంచి అద్దం పగిలిన ఫోన్ తీశాడు. పోటుపాటు నాలుగు సెకన్లలో తెరుచుకుంది.

"నాలుగూ నలభైకి కదులుద్దండీ."

"ఇదెవరి యాప్?"

"రూతమ్మ గారు రాసిందండీ. అందరిదీనండీ."

మంత్రి గారు ఫోన్ లాక్కుని అడుగున ఉన్న ప్రకటన చదివారు. "ఇద్దరు మనుషులు కావాలంటోంది! పాపం, రోజుకో గంటేనట. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదేం సత్యానందం గారూ?"

సత్యానందం గారు ఎండదెబ్బకి పడవ అంచు మీంచి వాంతి చేసుకుంటున్నారు కాబట్టి జవాబు రాలేదు.

నాలుగూ నలభై అయింది. నీళ్ళు వచ్చాయి గానీ పడవ కదల్లేదు. గోపి రూతుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు.

"మొన్నటి వానకి మేట పెరిగుంటుంది గోపీ," అంది రూతు. "అడుగు కదిలిన నిమిషం కాస్త చూసి చెప్పు. లెక్క సరిచేస్తా. రేపు వేటకెళ్ళేవాళ్ళు ఇరుక్కోకుండా ఉంటారు."

గోపి రెండు చేతులా గెడ వేస్తున్నాడు. వీడియో మనిషి బ్యాటరీ అయిపోయి బిక్కమొహం వేశాడు. శ్యాంబాబు బకెట్టుతో నీళ్ళు తోడుతున్నాడు. చేతికి గడియారమూ, చేతులకి ఖాళీ కూడా ఉన్నవారు ఒక్క మంత్రి గారే. ఆయన గడియారం మీద కళ్ళు పెట్టి కూర్చున్నారు. ఉన్నట్టుండి పడవ ఒళ్ళు విరుచుకుంది.

"కదిలిందమ్మోయ్!" అని కేక పెట్టారు. "నాలుగూ యాభైరెండు!"

"చాలా థాంక్సండీ. మాట్లాడేది ఎవరండీ?" అంది రూతు. అప్పటికే సిగ్నల్ పోయింది.

మర్నాడు బందరులో విలేకరుల సమావేశం. ప్రజల కోసం మంత్రి గారు సముద్రం నడిబొడ్డున ఆరు గంటల క్షేత్రస్థాయి అధ్యయనం చేశారని ప్రకటన వెలువడింది. 'పడవ ఎక్కడా ఇరుక్కొనలేదు. అధ్యయన నిమిత్తం నిలుపబడినది' అని సత్యానందం గారు నివేదిక ఇచ్చారు. ఆ నివేదికని అందరికంటే గట్టిగా నమ్మినవారు మంత్రి గారే. శ్యాంబాబుకి డైరెక్టర్ పదవి ఉత్తర్వు చేతికొచ్చింది.

షాపుకొచ్చి, గోపి పంపిన పాత యాప్ తెరిచాడు. నిన్నటి తేదీ కింద ఇలా ఉంది: 'సా. 4.52. లెక్కకన్నా పన్నెండు నిమిషాలు ఆలస్యం. సరిచేశాం. చెప్పినవారు: మేట మీద ఇరుక్కున్న పడవలో ఒకాయన.' దాని కిందే ప్రకటన. ఒకటో తారీఖు రేపే.

శ్యాంబాబు ఫోన్ కలిపాడు. "రూతు గారూ, నాకు కోడ్ రాయడం రాదండీ."

"కోడ్ నేను రాస్తానండీ. జనం చెప్పినవి చదివి, టైములు సరిగ్గా ఎక్కించే మనిషి కావాలి. గంట చాలు."

"గంటేనా అండీ?"

"ఫోటో మాత్రం ఉండదు."

ఒకటో తారీఖున యాప్ ఆగలేదు. అడుగున ముక్క మారింది: 'ఒకరు దొరికారు. ఇంకొకరు కావాలి. ఈ నెలాఖరు దాకా చూస్తాను.' బందరులో షాపు ముందు కూడా ఓ చిన్న బోర్డు వేలాడింది: 'సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఫ్లెక్సీలు వేయబడవు.'

ఆ సాయంత్రమే, ఐదుంబావుకి, మంత్రి గారి ఫోను.

"శ్యాంబాబూ, పాత యాప్‌లో ఎవడో కాంట్రిబ్యూషన్ ఇచ్చాడయ్యా! సముద్రం మధ్యలో చిక్కుకుని కూడా టైము చూసి చెప్పాడట. ఊరంతా అదే చెప్పుకుంటున్నారు. మేట మీద ఇరుక్కున్న పడవలో ఒకాయనట. ఎవడువాడు?"

శ్యాంబాబు టైములు ఎక్కించడం ఆపి, ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆ టైముకి మనమూ అక్కడే ఉన్నాం కదయ్యా. మన పడవ తప్ప ఇంకో పడవే కనపడలేదే?"

"కనపడలేదండీ."

"అవతల పార్టీ వాడేమో! వాళ్ళు లాక్కోకముందే మనం సన్మానం చెయ్యాలి. నలభై ఒక్కమంది కమిటీనీ తీరమంతా దింపు, వెతికించు. నువ్వీలోగా ఫ్లెక్సీ వేసెయ్. పెద్ద బొమ్మ నాది. నేను వాడి మెళ్ళో దండ వేస్తున్నట్టు ఉండాలి."

"వాడి ఫోటో లేదండీ."

"దొరికేదాకా ఖాళీ ఉంచు."

శ్యాంబాబు ఆరింటిదాకా ఆగి ఫ్లెక్సీ వేశాడు. అది ఇప్పటికీ బందరు కోనేరు సెంటర్లో ఉంది. నలభై అడుగుల మంత్రి గారు, ఒకే గడ్డంతో, చిరునవ్వుతో, ఓ తెల్లటి ఖాళీ గుండ్రానికి దండ వేస్తుంటారు. పొరుగూళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో కొందరు, ఎవరో పెద్దాయన పోయారనుకుని, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని వెళ్తున్నారు.