తాడిపత్రి బండ మీద చాక్లెట్ పుడ్డింగు

పోస్ట్‌మాన్ బుడేన్ సాబ్ కార్డు చేతికిచ్చాక సైకిలెక్కకుండా గుమ్మం ముందే నిలబడ్డాడు. కొత్త కోడలు చదివి నవ్వుతుందా లేదా అన్నది చూడకుండా వెళ్తే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. నాగరత్న చదివింది. నవ్వింది. వెనక్కి తిప్పి చిరునామా కూడా చదివి మళ్ళీ నవ్వింది.

"ఏం రాసినాడమ్మా మన వెంకటేశులు?"

"నువ్వు చదివే ఉంటావు కదా సాబన్నా."

"చదివినా. నీ నోటితో వింటే బాగుంటాదని."

"శనివారం మూడు గంటల బస్సుకు వస్తారంట. ఆదివారం సాయంత్రం మళ్ళీ పోవాలంట."

"ఈ పొద్దే శనివారం," అని చెప్పి బుడేన్ సాబ్ తృప్తిగా సైకిలెక్కాడు.

తాడిపత్రి నుంచి ఆ కార్డు మూడు రోజులు నడిచి వచ్చింది. నాగరత్నకు మిగిలినవి ఆరు గంటలు. పెళ్ళయి నాలుగు నెలలు దాటింది. అందులో ఒక నెల ఆషాఢం మింగేసింది, అత్తా కోడలూ ఒక గడప దాటకూడదని పుట్టింటికి పంపారు. మిగతాదంతా తాడిపత్రి బండల ఫ్యాక్టరీ మింగేసింది. వెంకటేశులు అక్కడ గుమాస్తా. ఆరుగురు మగవాళ్ళు ఒకే గదిలో పడుకునే చోటికి భార్యను ఎలా తీసుకుపోతాడు? ఇద్దరూ కలిసి ఉన్నవి పదకొండు రోజులని నాగరత్న లెక్క. సగం రోజులను కూడా కలుపుకుంటే పన్నెండు.

ఈసారి ఆయనకు ఏం పెట్టాలో ఆమె ఎప్పుడో నిర్ణయించుకుంది. అనంతపురం కాలేజీలో చదివే రోజుల్లో స్నేహితురాలితో బెంగళూరు వెళ్ళి, వాళ్ళ ఇంట్లో చాక్లెట్ పుడ్డింగు తిని వచ్చింది. ఆ సంగతి ఒక ఉత్తరంలో రెండు పేజీలు రాసింది. వెంకటేశులు జవాబు నాలుగు వాక్యాలు: 'ఆ పుడ్డింగు మా యజమాని ఇంట్లో చూసినాను. మైదా కలిపినారంట. అందరూ తిన్నారు. నేను గిన్నె వైపు చూస్తా మంచినీళ్ళు తాగినాను.'

వెంకటేశులుకు గోధుమ పడదు. మెస్సులో చపాతీలు తిని ఏడాది పాటు కడుపుతో అవస్థపడితే, మిషను ఆసుపత్రి డాక్టరు గోధుమలో బంకలా సాగే పదార్థమేదో అతని పేగుకు సరిపడదని, రవ్వ, మైదా కూడా ముట్టవద్దని చెప్పాడు. ఆ రోజు అతను తాగిన మంచినీళ్ళు నాగరత్న గొంతులో ఇప్పటికీ అడ్డం పడే ఉన్నాయి.

మైదా బదులు రాగిపిండి వేస్తే? ఈ ఆలోచన వచ్చిన రోజు ఆమె ఒక్కతే పెరట్లో చిన్న గంతు వేసింది. రంగూ కలుస్తుంది, చిక్కదనమూ వస్తుంది. స్నేహితురాలు పెళ్ళికి ఇచ్చిన కోకో పొడి డబ్బా ట్రంకుపెట్టెలో చీరల మధ్య దాచుకుంది. అందువల్ల ఆమె ధర్మవరం పట్టుచీర కట్టుకుంటే పక్కన కూర్చున్నవాళ్ళకు కారణం తెలియకుండా ఆకలి వేసేది.

రాగిపిండిని పలుచటి గుడ్డలో రెండుసార్లు జల్లించింది. పక్కింటి మేరాజ్ బీ దగ్గరికి చెంబు పట్టుకుని వెళ్ళింది. ఆ కరువులో ఆ వీధిలో పాలిచ్చే జీవం మేరాజ్ బీ మేక ఒక్కటే.

"ఇన్ని పాలు ఎవరికమ్మా?" అని మేరాజ్ బీ అడిగింది.

మొగుడికి తీపి వండుతున్నానని పట్టపగలు ఎలా చెప్పడం? నాగరత్న తలవంచుకుని చెంబు వైపు చూసి నవ్వింది. మేరాజ్ బీ ఆ నవ్వు గుర్తుపెట్టుకుంది.

పొయ్యి మీద పాలు, చక్కెర, కోకో, రాగిపిండి ఒకటై, గరిటెకు అంటుకుంటూ నిగనిగలాడాయి. ఇంట్లో బెంగళూరు వాసన వచ్చింది. ఇక చల్లబడి గట్టిపడాలి. ఇక్కడే చిక్కొచ్చింది. స్నేహితురాలి ఇంట్లో ఐసుపెట్టె ఉండేది. ఇక్కడ నీడలో పెట్టిన నీళ్ళు కూడా వేడెక్కుతున్నాయి.

అప్పుడామెకు బండ గుర్తొచ్చింది. మూల విరిగిందని ఫ్యాక్టరీ వాళ్ళు పక్కన పడేసిన నున్నటి బండను వెంకటేశులు లారీలో పంపాడు. ఇంటి ముందు వేపచెట్టు కింద వేశారు. రోజూ సాయంత్రం నాగరత్న దానిమీదే కూర్చునేది. అక్కడినుంచి చూస్తే ముందు దుమ్ము కనబడుతుంది, తర్వాత బస్సు, తర్వాత అందులోంచి ఆయన దిగకపోవడం. అద్దంలాంటి ఆ బండ ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. కడిగి, నెయ్యి రాసి, దానిమీదే పోసి ఆరబెడితే మైసూరుపాకులా ముక్కలు కోయవచ్చు.

ఆమె బండ కడుగుతుంటే అత్త చెన్నమ్మ గడపలో నిలబడి చూసింది. చెన్నమ్మది ఎప్పుడూ తగాదా పడుతున్నట్లుండే గొంతు.

"మ్మే, మనం తాగేకి నీల్లు లేవు, నువ్వు బండకు తలంటు పోస్తాండావా?"

"ఒక్క చెంబే అత్తా."

"ఆ చెంబుకు నేను యాడికి నడిచినానో నీకేం తెలుసు," అని గొణుగుతూనే ఇంకో అరచెంబు తెచ్చి ఆమే పోసింది. కొడుకు వస్తున్నాడని ఆమెకూ తెలుసు.

నాగరత్న పుడ్డింగును బండ మధ్యలో పోసింది. అది నల్లగా, గుండ్రంగా పరుచుకుంది. చీమలు రాకుండా చుట్టూ పసుపు గీత గీసింది. తర్వాత జడ వేసుకోవడానికి లోపలికి వెళ్ళింది.

ఆ సీమలో వానలు బొత్తిగా ముఖం చాటేస్తే వరదపాశం పోయడం ఆచారం. బెల్లంతో పాశం, అంటే పాయసం, వండి, బండ కడిగి దానిమీద పోస్తారు. ఊరివాళ్ళంతా మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు వెనక్కి కట్టుకుని, నోటితోనే నాకుతారు. మనుషులకు పట్టిన గతి చూసి దేవుడికి జాలి కలగాలని. ఆ ఏడాది ఊళ్ళో నెలరోజులుగా ఈ మాట నలుగుతూనే ఉంది. అయితే మొదటి అచ్చు బెల్లం ఎవరు తెస్తారన్న దగ్గర ప్రతిసారీ అందరికీ పనులు గుర్తొచ్చేవి. పట్నంలో పుట్టి పెరిగిన నాగరత్నకు ఇదేమీ తెలియదు.

మేరాజ్ బీ మేకను కట్టేసి వీధిలోకి వచ్చింది. కడిగిన బండ చూసింది. పసుపు గీత చూసింది. మధ్యలో బెల్లం పాశంలాంటిది చూసింది. పొద్దున చెంబు వైపు చూసి నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆమె కళ్ళు చెమర్చాయి.

"తిమ్మక్కా, కొత్త కోడలు ఎవురికీ చెప్పకుండా వరదపాశం పోసింది. చిన్నపిల్ల. మనకు రాని బుద్ధి."

ఎదురింటి తిమ్మక్క ఊరిపెద్ద బాలప్ప ఇంటికి పరుగెత్తింది. బాలప్ప పలక పట్టుకురమ్మని డప్పు కొట్టే యేసన్నకు కబురు పెట్టాడు. నాగరత్న జడ చివర కుచ్చులు కట్టేలోపు ఇంటి ముందు పలక మోగింది. బయటికి వచ్చి చూస్తే నలభైమంది. ముందువరస అప్పటికే మోకాళ్ళ మీద ఉంది.

"తాతా, అది..." అంది నాగరత్న.

"చెప్పొద్దమ్మా," అన్నాడు బాలప్ప చేతులు జోడించి. "చేసిన పుణ్యం చెప్పుకుంటే పోతాది."

"పుణ్యం కాదు తాతా, అది..."

"చూడండ్రా, పుణ్యం గాదంటాంది. ఏం వినయం."

నాగరత్న అత్త వైపు చూసింది. చెన్నమ్మ నలభైమందినీ చూసింది. ఎండిన వాళ్ళ ముఖాలు చూసింది. లోపలికి వెళ్ళి ఇత్తడి గిన్నె తెచ్చి, పుడ్డింగు ఒక అంచు మీద బోర్లించింది.

"అదేందమ్మే?" అన్నాడు బాలప్ప.

"అది దేవుడి వాటా. ముట్టొద్దండి."

పలక ఊపందుకుంది. నలభైమంది వంగారు. నాగరత్న కళ్ళముందే ఆమె రెండు పేజీల ఉత్తరం, ట్రంకుపెట్టె డబ్బా, గుడ్డలో జల్లించిన పిండి, అన్నీ గడ్డాలకూ మీసాలకూ అంటుకుపోయాయి.

"కొంచెం చేదుగా ఉండాదే," అన్నాడు మేరాజ్ బీ మొగుడు షావలి, తల ఎత్తి.

"నాకప్పా, నోరు మూసుకుని. వానంటే ఉత్త తీపికే వస్తాదా?" అన్నాడు బాలప్ప. మాట అయ్యాక ఆయనే రెండోసారి వంగాడు.

సరిగ్గా అప్పుడే దుమ్ము కనబడింది. తర్వాత బస్సు. ఈసారి అందులోంచి వెంకటేశులు దిగాడు. చేతిలో సంచి, చంకలో గొడుగు. ఆ ఊళ్ళో గొడుగు చూసి రెండేళ్ళయింది. దిగీదిగగానే అతనికి కనబడింది, తన ఇంటి ముందు ఊరంతా వంగి తన బండను నాకడం. బస్సు నల్లమాడ వైపు సాగిపోయింది. అతను అక్కడే నిలబడిపోయాడు.

"రాప్పా వెంకటేశులూ, నీ పెండ్లాం ఊరిని నిలబెట్టింది. మోకాలెయ్," అన్నాడు బాలప్ప.

వెంకటేశులు భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు. బండ మీద నల్లటి మరకలు. గాలిలో యజమాని ఇంట్లో ఒకసారి పీల్చిన వాసన. అతనికి అర్థమైంది. మెల్లగా ఆమె పక్కకు వచ్చి, "ఇందులో గోధుమ..." అన్నాడు.

"లేదు. రాగిపిండి," అంది ఆమె, ఇంకా మెల్లగా.

ఆ క్షణంలోనే యేసన్న పలక ఆపాడు. ఆ రెండు మాటలూ నలభైమందికీ వినబడ్డాయి. చదువుకున్న ఇద్దరు, దేవుడి బండ ముందు, గోధుమ సంగతి అడిగి తేల్చుకున్నారంటే అందులో ఏదో నియమం ఉండాలి. నలభై తలలూ ఆలోచనగా ఊగాయి.

చెన్నమ్మ ఇత్తడి గిన్నె ఎత్తింది. కింద అరచేయంత పుడ్డింగు, చక్కగా గట్టిపడి, మెరుస్తూ ఉంది.

"దేవుడి వాటా అంటివే?" అన్నాడు షావలి.

"దేవుడు తన బదులు నిన్నే బస్సులో పంపినాడు నాయనా," అంది చెన్నమ్మ కొడుకుతో, షావలి వైపు చూడకుండా. "తిను."

వెంకటేశులు చేతులు వెనక్కి కట్టుకుని వంగి తిన్నాడు. తల ఎత్తేసరికి ముక్కు మీద నల్లటి చుక్క. "ఆ రోజు మంచినీళ్ళు తాగి మంచి పని చేసినా," అన్నాడు నాగరత్నకు మాత్రమే వినబడేలా. "దీని ముందు అది నోటికి ఆనేదా?" ఆమె ఏడుస్తూనే నవ్వింది.

సాయంత్రం ఆరుకు బస్సు తిరిగి వచ్చింది. దాని టాపు మీదినుంచి నీళ్ళు కారుతున్నాయి. నల్లమాడలో కుండపోత అని కండక్టరు చెప్పాడు. ఇక్కడ మాత్రం ఒక్క చుక్క లేదు.

"మనం నాకితే వాల్లకు పడిందా?" అన్నాడు షావలి.

"దారి తప్పింది. మల్లా పొయ్యల్ల," అన్నాడు బాలప్ప.

అప్పుడు చెన్నమ్మ తగాదా గొంతుతో అంది, "ఒక దినంతో అయ్యేది కాదు. మూడు దినాలు పొయ్యల్ల. మొదలుపెట్టిన మొగుడూ పెండ్లాం మూడు దినాలూ ఊరి పొలిమేర దాటకూడదు."

"నాకు డెబ్బై ఏండ్లు. ఈ మాట నేను యాడా వినలే," అన్నాడు బాలప్ప.

"మా పుట్టింటి కాడ ఉండాది."

చెన్నమ్మ పుట్టిల్లూ బాలప్ప ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. బాలప్ప ఆ గోడ వైపు చూశాడు. బస్సు వైపే చూస్తున్న వెంకటేశులును చూశాడు, అతని గొడుగు పట్టుకుని నిలబడ్డ నాగరత్నను చూశాడు, కొడుకు ముక్కు మీద ఎండిపోయి ఇంకా మిగిలిన చుక్కను కొంగుతో తుడుస్తున్న చెన్నమ్మను చూశాడు. దగ్గాడు.

"అవునవును, ఆడ ఉండాది," అన్నాడు. వెంటనే ఫ్యాక్టరీ యజమానికి సెలవు చీటీ రాయించి కండక్టరు చేతికిచ్చాడు.

చీకటి పడకముందే యేసన్న పలక కొడుతూ వీధివీధీ తిరిగాడు. రేపు పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ పాశం. ఇంటికొక సేరు రాగిపిండి, ఒక అచ్చు బెల్లం తేవాలి. వెంకటేశులూ ఆయన పెండ్లామూ కలిసి వండుతారు, వాళ్ళ పొయ్యి దగ్గరికి ఎవరూ పోకూడదు. గోధుమ ఎవరూ ముట్టకూడదు. ఆ చాటింపులో వాన మాట చెప్పడం యేసన్న మరిచిపోయాడు.