రేవు దగ్గర మందు

ఆ రోజుకు ఇమాం హుస్సేన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. ఎర్రగుడ్డను కర్రకు కట్టుకుని రేవులో నిలబడాలి. మధ్యాహ్నంలోపు రేవు పక్కన నీళ్లలో నిలబడి ఉన్న పాత పంపుహౌసు గోడను పేల్చేస్తారు. అది అయ్యేదాకా ఒక్క పడవ కూడా అటు రాకుండా చూడాలి. తర్వాత గదికొచ్చి నిన్నటి పప్పు వేడి చేసుకుని తినాలి. ఇందులో తేడా వచ్చే పని ఒక్కటీ లేదని ఆయన నమ్మకం. నమ్మకానికేం, ఎంతైనా పెట్టుకోవచ్చు.

ఆయన ఒంగోలు నుంచి ఈ రేవుకు వచ్చి ఏడాది కావస్తోంది. పిల్లలు లేరు. భార్య పోయాక ఆ ఇంట్లో ఉండలేక, "నన్ను ఎక్కడికైనా వేసెయ్యండి సార్" అని ఆఫీసులో మొరపెట్టుకున్నాడు. ఆఫీసువాళ్లు ఏ మాటా పట్టించుకోరు గానీ ఈ మాటను మాత్రం తుచ తప్పకుండా పాటించి, అమరావతికి ఎగువన కృష్ణ ఒడ్డున ఈ కట్ట వెనక ఒంటిగదిలో పడేశారు. పడవలో జనం ఎక్కువైతే ఈల ఊదడం ఆయన ఉద్యోగం. పొద్దున్నే ఊళ్లోని ఆడవాళ్లు మిరపకోతకు లంకలోకి పోతారు. ఈయన ఈల ఊదుతాడు, ఇద్దరు తిట్టుకుంటూ దిగుతారు, పడవ వెళ్లిపోతుంది. ఇక సాయంత్రం దాకా పలకరించే నాథుడుండడు. ఊరు ఆయన్ను ‘ఈలాయన’ అంటుంది. పేరు అడిగినవాళ్లు లేరు. అడిగితే చెబుదామని ఆయనా ఎదురుచూస్తూనే ఉన్నాడు. లోను కావాలా అంటూ ఫోన్ చేసిన అమ్మాయిని పట్టుకుని వాళ్ల ఊరు, వానలు, వాళ్ల నాన్న మోకాళ్ల నొప్పుల దాకా మాట్లాడేవాడు. చివరికి ఆ అమ్మాయే ఫోన్ పెట్టేసేది.

గోడ పేల్చే సంగతి ముందురోజే ఊళ్లో చాటించమన్నాడు వాళ్ల ఆఫీసు ఇంజినీరు. "ఒక్క పడవ లోపలికొచ్చినా ప్రాణాలు పోతాయయ్యా, నీదే బాధ్యత" అని మరీ మరీ చెప్పాడు. ఆర్డరులో ‘నియంత్రిత విస్ఫోటనం’ అని ఉంది. ఈ ఊళ్లో ఆ మాట అంటే కొత్త సినిమా అనుకుంటారని ఇమాం హుస్సేన్‌కు అనుమానమొచ్చి, పేల్చడానికి వచ్చిన ప్రకాష్‌ను అడిగాడు. ప్రకాష్ ఒంగోలు వైపు గ్రానైట్ క్వారీల్లో పెరిగినవాడు. "ఏముందన్నా, మందు పెడతన్నారని చెప్పు, చాలు" అన్నాడు. క్వారీలో మందంటే ఒకటే అర్థం. ఈ ఊళ్లో చూస్తే మిరపతోటకు కొట్టేది మందే, సాయంత్రం మగవాళ్లు కొట్టేదీ మందే, జ్వరానికి మింగేదీ మందే. బతుకు మీద విరక్తి పుట్టినవాడు చేలో డబ్బా ఎత్తి తాగేదీ మందే. ఆ ఆఖరిదాన్ని గురించి పైకి ఎవరూ అనరు.

ఇమాం హుస్సేన్ మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగాడు. "రేపు రేవు దగ్గర మందు పెడుతున్నారు! ఎవరూ రావద్దు!" తనలో ఇంత గొంతుందని ఆయనకే ఆశ్చర్యమేసింది. జనం గుమ్మాల్లోకొచ్చి విన్నారు కూడా. రాత్రి ఆ సంతోషంలో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

తెల్లవారి రేవుకు వెళ్లేసరికి కట్ట మీద ఏడెనిమిది మంది మగవాళ్లు సోడాలు, మిర్చిబజ్జీల పొట్లాలతో సిద్ధంగా కూర్చుని ఉన్నారు.

"ఏందిరా ఇది? రావద్దని చెప్పాగా!"

"రావద్దన్నావంటే సరుకు తక్కువుందనుకున్నాం లే. కాంట్రాక్టరు గారు ఏ బ్రాండు పోస్తన్నారు?"

వాళ్లను ఈల ఊది తరిమేలోపు బాపయ్య అనే రైతు పీకిన మిరపమొక్కతో దిగాడు. "తామరపురుగయ్యా, ఆకు ముడుచుకుపోతంది. గవర్నమెంటు మందేగా, నాలుగు డబ్బాలు ఇప్పించు" అన్నాడు. ఇది గోడకు పెట్టే మందయ్యా అంటే, "చేనుకు లేని మందు గోడలకెందుకు, అంతా తినేయడానికి!" అని తిట్టుకుంటూ పోయాడు. తిట్లదేముంది, ఒకరు వచ్చి ఆ మాత్రం మాట్లాడారు కదా అనుకున్నాడు ఇమాం హుస్సేన్.

లంకకు పోయినవాళ్లతో మాత్రం పేచీ లేదు. ముందురోజు ఈయన చాటించే వేళకు వాళ్లు తోటల్లోనే ఉన్నారు. ఈ పొద్దున చీకటితోనే పడవెక్కారు. గోడ పడగొడతారని విన్నారు గానీ ఏ పొక్లెయినో వస్తుందనుకున్నారు. "నేను చెప్పేదాకా పడవ ఇటు తిప్పొద్దు" అని పడవ నడిపే సిలార్‌కు ఫోన్లో చెప్పాడు. సిలార్ సరేనన్నాడు. ఎండెక్కాక ఫోన్ చేశాడు.

"ఈలాయనా, ఇక్కడ ఎండ మండిపోతంది. ఆడోళ్లు గోల చేస్తన్నారు. రావచ్చా?"

గోడ రంధ్రాల్లో ప్రకాష్ మందు కూరడం అప్పుడే పూర్తయింది. ఇమాం హుస్సేన్ కంగారుగా ఫోన్లోకి అరిచాడు.

"వద్దు సిలార్! మందు లోపలికి పోయింది. ఇక ఎవరూ నా దగ్గరికి రావద్దు. ఇంకాసేపట్లో అంతా అయిపోద్ది. ఆడోళ్లకి చెప్పు, నా వల్ల…"

నా వల్ల పని చెడిందని తిట్టుకోవద్దని చెప్పు, అనబోయాడు. సిగ్నల్ పోయింది.

లంకలో సిలార్ చేతిలోని ఫోన్ స్పీకర్లో ఉంది. చుట్టూ మిరపకాయల బుట్టలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల ముఠాకు పెద్ద వెంకటరావమ్మ. ఆమె మాట్లాడితే అవతలి ఒడ్డుకు ఫోన్ అక్కర్లేదు.

"ఓరి దేవుడో! మందు తాగాడే! నిన్న పడవెక్కతా ‘ఏం కూరయ్యా’ అనడిగితే ‘ఒక్కడికి కూరెందుకమ్మా’ అన్నాడే! అప్పుడే అనుకున్నా, ఇట్టాంటిదేదో చేసుకుంటాడని!"

నిజానికి అప్పుడామె ఏమీ అనుకోలేదు, చెప్పుల కోసం వెతుక్కుంటూ ఉంది. కానీ ఆ క్షణంలో అందరికీ ఈలాయన ముఖం, ఆ ఒంటిగది గుర్తొచ్చాయి. రోజూ చూస్తూనే ఒక్క మాటైనా అడగలేదే అని వాళ్లకు నిజంగానే బాధేసింది. ఇక ఆగుతారా? సిలార్ మోటారు పడవ ముందు, లంకలో ఉన్న చేపల పడవలన్నీ దాని వెనక. పండక్కి కూడా ఆ రేవుకు అన్ని పడవలు ఎప్పుడూ రాలేదు.

ప్రకాష్ కట్ట వెనక వైరు కలిపి, మీట మీద చెయ్యి వేసి, ఇమాం హుస్సేన్ సైగ కోసం చూస్తున్నాడు. ఇమాం హుస్సేన్ చివరిసారిగా నది వైపు తిరిగి చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఈల నోట్లో పెట్టుకుని, ఎర్రగుడ్డ ఊపుతూ మోకాలి లోతు నీళ్లలోకి పరిగెత్తాడు. నాచు మీద కాలు జారి బోర్లాపడి, లేచి, మళ్లీ పడ్డాడు.

"అదుగో, గిలగిలా కొట్టుకుంటన్నాడు!" అంది వెంకటరావమ్మ.

"రావద్దు! వస్తే చస్తారు!" అని అరిచాడాయన.

మోటారు మోతలో పడవలోకి సగమే వినపడింది. "చస్తానంటన్నాడు! తొందరగా పోనీవయ్యా సిలారూ, బాతులాగా ఏందా నడక!"

పడవలు గోడను రాసుకుంటూ రేవులోకి దూసుకొచ్చాయి. అక్కడ కట్ట వెనక ప్రకాష్ వైరు పీకేసి కూలబడ్డాడు. ఇక్కడ నలుగురు ఇమాం హుస్సేన్‌ను ఒడ్డుకు ఈడ్చి, ఇద్దరు కాళ్లూ ఇద్దరు చేతులూ పట్టుకున్నారు. వెంకటరావమ్మ రేవు మెట్ల మీదున్న బట్టల సబ్బు చెంబులో కలిపి తెచ్చింది.

"అమ్మా, మందు నేను…"

"తెలుసులే, ముందు ఇది తాగు, కక్కెయ్!"

నోరు తెరిచినప్పుడల్లా చెంబు ఒంగింది. మెడలోని ఈల కూడా నోట్లోకి పోయి, ఊదినప్పుడల్లా బుడగలొచ్చాయి. మనిషి కళ్లు తేలేశాడు.

"నిద్రపోనివ్వకూడదు! పేరు పెట్టి పిలవండే!" అని కేకేసింది వెంకటరావమ్మ.

అందరూ నోరు తెరిచారు. ఎవరి నోట్లోంచీ ఏమీ రాలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సిలారూ, నీ ఫోన్లో ఏం పేరుందిరా?"

"రేవు ఈల అనుందక్కా."

వెంకటరావమ్మ ఆయన చెంపలు తడుతూ, "నాయనా, నీ పేరేందో చెప్పి చావరా!" అని, నాలిక్కరుచుకుని, "చావమాకలే, చెప్పు" అంది.

"ఇమాం… హుస్సేన్."

"హుస్సేనూ! కళ్లు ముయ్యమాక! మేమున్నాం హుస్సేనూ!"

రేవంతా ఆ పేరే. ముసలివాళ్లు, కుర్రవాళ్లు, ఏనాడూ ఆయన ముఖం చూడనివాళ్లు కూడా పిలుస్తున్నారు. ఇమాం హుస్సేన్‌కు ఏడుపు ఆగలేదు. సబ్బు కళ్లల్లో పడిందేమోనని ఒకావిడ కొంగుతో తుడిచింది. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

అప్పటికి ప్రకాష్ రొప్పుతూ వచ్చిపడ్డాడు. "మీకేమన్నా పిచ్చా! మందు పెట్టింది గోడకమ్మా! ఈయనక్కాదు!"

"గోడకు మందేందయ్యా, దానికేం రోగం?" అంది వెంకటరావమ్మ.

"పేల్చే మందు!"

తాము దేని పక్కనుంచి వచ్చారో తెలిసి ఇద్దరు ఆడవాళ్లు అక్కడే చతికిలబడ్డారు. వెంకటరావమ్మ చెంబు కింద పెట్టి ఇమాం హుస్సేన్ వైపు తిరిగింది.

"అయితే నువ్వు తాగలా?"

"లేదమ్మా."

"ఒక్క చుక్క కూడా?"

"లేదమ్మా."

"మరి చెప్పొద్దా అయ్యా! మా ప్రాణాలు తోడేశావు గదా! పదండే, కోతంతా అట్టానే ఉంది."

"ఎక్కడికి పోయేది?" అన్నాడు ప్రకాష్. "లోపల మందు అట్టాగే ఉంది. ప్రతి బొక్కా చూసుకుని మళ్లీ వైర్లు కలపాలి. అప్పటిదాకా ఒక్క పడవ కదలడానికి లేదు. అందరూ కట్ట వెనక్కి పోండి!"

కట్ట వెనక ఉన్నదల్లా ఇమాం హుస్సేన్ గది. ఎవరినీ రానివ్వొద్దన్న ఆర్డరే ఇప్పుడు ఎవరినీ పోనివ్వొద్దంటోంది. జనమంతా గది చుట్టూ నీడ చూసుకుని కూర్చున్నారు. ఎటూ పూట పోయిందని క్యారేజీలు విప్పారు. పండుమిరపకాయ పచ్చడి, దోసకాయ పప్పు, గోంగూర.

"కడుపులో ఏమన్నా ఉందా?" అని అడిగింది వెంకటరావమ్మ.

"సబ్బుందమ్మా."

తిడుతూనే ఆయనకు ముద్దలు కలిపిపెట్టింది. గోడ పేలినప్పుడు ఆయన నోట్లో ఆ గోంగూర ముద్దే ఉంది. భూమి అదిరి, కట్ట మీద దుమ్ము లేచి, నీళ్లు ఎగిరిపడ్డాయి. ప్రకాష్ వెళ్లి అంతా చూసి, నవ్వుకుంటూ వచ్చాడు.

గదిలో టీ మరుగుతోంది. కాచిన వెంకటరావమ్మ గ్లాసుల కోసం వెతికి బయటికొచ్చింది.

"ఒకటే గ్లాసుందేందయ్యా హుస్సేనూ?"

"రెండోది ఎవరికమ్మా?"

ఆ మాటకు ఆమెకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియక సిలార్‌ను తిట్టింది. తర్వాత ఆ ఒక్క గ్లాసులోనే టీ పోసి, తాగినవాళ్లు కడిగి పక్కవాళ్లకివ్వాలని చెప్పి కూర్చుంది.

"అయిపోయిందన్నా, గోడ శుభ్రంగా పడింది. ఇక ఈల ఊదేయ్, పడవలు పోనీ" అన్నాడు ప్రకాష్.

ఇమాం హుస్సేన్ లేచి కట్టెక్కాడు. గోడ లేదు. నది తేటగా, ఏమీ ఎరగనట్టు ఉంది. ఈల పెదాల దాకా తీసుకెళ్లాడు. వెనక్కి తిరిగి గది చుట్టూ కూర్చున్న జనాన్ని చూశాడు. ఈల దించేశాడు.

"తొందరపడకూడదు ప్రకాష్. రాళ్లు నీళ్లల్లో కుదురుకోవాలి."

"రాళ్లెప్పుడో కుదురుకున్నాయన్నా!"

"ఆయన చెప్తన్నాడుగా, ప్రమాదమని!" అంది వెంకటరావమ్మ కిందనుంచి. "నువ్వూ కూర్చో అబ్బాయ్, నీ వంతొచ్చినప్పుడు టీ తాగుదువు గానీ."

ఆ రోజు రేవులో పడవల మీద నిషేధం, ఒక్క గ్లాసుతో అంతమందీ టీ తాగేదాకా అమల్లో ఉంది.