ఆల్బమ్‌లో లేని దడదడ

ముందే ఒప్పేసుకుంటాను. సినిమాలో పాట రాగానే ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకునే పాపిష్టి జాతి నాది. ఆల్బమ్‌లో ఉన్న వయొలిన్ తెర మీద వినిపించకపోయినా, ఒక చరణానికి చరణమే ఎగిరిపోయినా నాకు తెలియదు. తెలిసినా నిద్ర చెడదు. అలాంటిదానివి ఈ కథ చెప్పడానికి నీకేం అర్హత ఉందని అడిగితే, ఏమీ లేదు. అర్హత ఉన్నవాళ్లు చెప్పరు. వాళ్ల పరువు ఇందులోనే పోయింది కాబట్టి.

అందరికన్నా ఎక్కువ పోయింది రెండో చరణంగారిది.

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. కళ్లద్దాల షాపు బోర్డు మీద అదే రాసుంది. కానీ ఎవరు ఏ పాట ఎత్తినా, "ఆల్బమ్‌లో దీనికి రెండో చరణం ఉంది, సినిమాలో లేపేశారు, తెలుసా?" అంటాడు కాబట్టి వీధి వీధంతా ఆయన్ని రెండో చరణం అనే పిలుస్తుంది. కళ్లు చూపించుకోడానికి వచ్చినవాళ్లని అన్నిటికన్నా కింది లైను చదవమని, వాళ్లు కళ్లు చికిలించేలోపు, "ఇప్పుడు రేడియోలో వస్తున్న పాట ఉంది చూశారూ, ఆల్బమ్‌లో మగగొంతు, తెర మీద ఆడగొంతు," అని మొదలుపెడతాడు. చాలామంది లైను కనబడకపోయినా కనబడిందని చెప్పి బయటపడతారు.

ఆయన భార్య ఇంట్లోనే కూర్చుని ఉద్యోగం చేస్తుంది. యాప్‌లు జనంలోకి వెళ్లకముందే వాటిలో తప్పులు పట్టే ఉద్యోగం. "అక్కడ తప్పు పడితే జీతం ఇస్తారు. ఇంట్లో మాత్రం ఉచిత సేవ," అంటుంది.

ఆ ఉచిత సేవలో ప్రస్తుతం నడుస్తున్న అంశం వాషింగ్ మిషన్. దాని కాలొకటి లూజైంది. బట్టలు పిండే దశకి వచ్చిందంటే వెనక వసారాలో దూకుడు మొదలు.

"ఎవర్నన్నా పిలిచి ఆ కాలు చూపించండీ," అంది ఆవిడ.

"రేపు."

"పెళ్లికి ముందు మీరు రిలీజ్ చేసిన ఆల్బమ్‌లో 'చెప్పిన పని చెప్పగానే చేస్తా' అని ఒక పాట ఉండేది. తెర మీద ఎక్కడా రాలేదేంటండీ?"

"నిడివి ఎక్కువైందని తీసేశారు," అన్నాడు రెండో చరణం, పేపర్లోంచి తల ఎత్తకుండా.

ఆయన బుర్రలో మిషన్‌కి చోటు లేదు. అక్కడ కుర్చీ ఉంది.

ఊళ్లో ఆయనలాంటి వాళ్లు ఓ డజను మంది కలిసి తేడాల సంఘం అని పెట్టుకున్నారు. ఆల్బమ్‌లో వచ్చిన పాటకీ సినిమాలో వినిపించిన పాటకీ తేడాలు పట్టడం వాళ్ల పని. "పేరు మాత్రం ఉన్నదున్నట్టు పెట్టుకున్నారు," అంటుంది ఆవిడ. సంఘంలో ఎవరికైనా గొడవొస్తే అధ్యక్షుడి చెవిదే తుది తీర్పు. ఇన్నాళ్లూ ఆ చెవి గ్రామఫోను తాతగారిది. ఈమధ్య ఆ చెవికే మిషన్ పెట్టుకోవాల్సి రావడంతో ఆయన దిగిపోతానన్నాడు. ఎవరూ పట్టని తేడా ఎవరు పట్టుకొస్తే కుర్చీ వాళ్లదే అని కూడా అన్నాడు.

రెండో చరణం ఏళ్ల తరబడి సంఘానికి జాయింట్ సెక్రెటరీ. అంటే మీటింగ్ అయ్యాక టీ కప్పులు లెక్కపెట్టి లోపల పెట్టే పదవి. ఈసారి కుర్చీ దక్కకపోతే బతుకంతా కప్పులతోనే అని ఆయనకి అర్థమైంది.

పోటీ స్టీరియో డాక్టరుతో. ఆయన పళ్ల డాక్టరు. పేషెంటు నోట్లో డ్రిల్లు పెట్టి, "కుడి స్పీకర్లో తబలా, ఎడమ దాంట్లో వీణ. ఆల్బమ్‌లో ఇవి అటూ ఇటూ అయ్యాయి. అవునా కాదా?" అని అడుగుతాడు. పేషెంటు "ఆఁ" అంటే తన పక్షంలో వేసుకుంటాడు.

రెండో చరణం పాత సినిమా ఒకటి ఎంచుకున్నాడు. అందులో హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి పాడే పాట ఉంది. ఆల్బమ్ ఆయన దగ్గర ఉంది కానీ సినిమా దొరకదు. ఆదివారం మధ్యాహ్నం టీవీలో వేస్తున్నారని తెలియగానే పథకం వేశాడు. భార్యని వాళ్ల అక్క ఇంటికి పంపించాడు. ఫ్యాను కట్టేశాడు. ఫ్రిజ్ కట్టేశాడు. టీవీ ముందు దిండ్ల మధ్య ఫోన్ పడుకోబెట్టి రికార్డింగ్ నొక్కాడు. ఎవరైనా వచ్చి బెల్లు కొడతారేమోనని తనే బయటికెళ్లి తలుపేసుకుని, సొంత ఇంటికి వాచ్‌మన్‌లా మెట్ల మీద కూర్చున్నాడు.

ఆవిడ వెళ్తూ వెళ్తూ మిషన్‌లో బట్టలేసి స్విచ్ నొక్కి వెళ్లిందన్న సంగతి ఆయనకి తెలియదు.

సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. పాటలో రెండో చరణానికి ముందు ఆల్బమ్‌లో అయితే వట్టి వేణువు. ఇక్కడ వేణువు కింద సన్నగా ఏదో మొదలైంది. దడ, దడ, దడదడ, దడదడదడ. పెరిగి పెరిగి, చివర్లో ఒక్క "టంగ్". తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి హీరోయిన్ గొంతు.

రెండో చరణం కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ ముక్క సంఘం గ్రూపులో పెట్టాడు. గ్రూపు ఊగిపోయింది. అది దూరంగా వెళ్లిపోతున్న గూడ్సు బండి అని ఒకరన్నారు. కాదు, హీరోయిన్ గుండె చప్పుడు, చివరి టంగ్ గుండె పగలడం అని ఇంకొకరు. విధి తలుపు తడుతోందని ఒకాయన పొడుగాటి వ్యాసం రాశాడు. స్టీరియో డాక్టరు అందరివీ చదివి, చివరికి, "నేను మొదటి రోజు మొదటి ఆటలోనే విన్నాను. చెబితే నమ్మరని ఊరుకున్నా," అని పెట్టాడు.

వచ్చే ఆదివారం మీటింగ్ రెండో చరణం ఇంట్లోనే అని తాతగారు ప్రకటించాడు.

హెడ్‌ఫోన్స్ తెచ్చి భార్య చెవులకి తగిలించాడు రెండో చరణం. ఆవిడ ఒకసారి వింది. వెనక్కి తిప్పి ఇంకోసారి వింది. యాప్‌లో తప్పు దొరికినప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది.

"ఎలా ఉంది?"

"బాగా పరిచయం ఉన్న వాయిద్యంలా ఉందండీ."

"నీకు పరిచయం ఏంటి? ఇది ఎవరికీ దొరకని శబ్దం."

"అవును, మీకు అస్సలు దొరకదు. ఇంతకీ మిషన్ సంగతేం చేశారు?"

"నేను సంగీతం గురించి మాట్లాడుతుంటే నువ్వు మిషన్ అంటావేంటి?"

"సరే, రెండూ వేరువేరు అంటారు. అలాగే కానివ్వండి," అని లేచి వెళ్లిపోయింది.

గురువారం పొద్దున రెండో చరణం అద్దం ముందు సగం గడ్డం గీసుకున్నాడు. వసారాలో దడ మొదలైంది. దడ, దడదడ, దడదడదడ. ఆయన చేతిలో బ్లేడు ఆగిపోయింది. ఇంక వద్దు, ఇక్కడితో ఆగు అని మనసులో దండం పెట్టుకున్నాడు. మిషన్ ఆగలేదు. "టంగ్" అంది.

మిగతా సగం గడ్డం ఆ రోజు అలాగే ఉండిపోయింది.

నిజం చెప్పేయొచ్చు. చెబితే కుర్చీ పోతుంది. ఒక్క కుర్చీయే పోదు, విధి తలుపు తట్టడం గురించి వ్యాసం రాసినాయన జీవితాంతం క్షమించడు. పైగా అప్పుడే స్టీరియో డాక్టరు నుంచి ఫోన్ వచ్చింది. సినిమా డిస్కు ఎక్కడో సంపాదించాడట, ఆదివారం టీవీలో వేసి అందరూ కలిసి వినొచ్చట. ఆ డిస్కులో దడదడ ఉండదు.

ఉండేలా చేయాలి. సరిగ్గా పాట అక్కడికి వచ్చేసరికి గోడ వెనక మిషన్ దూకాలి. గోడ ఇవతల ఉన్నవాళ్లకి టీవీలోంచి వస్తున్నట్టే ఉంటుంది. ఇది రెండో చరణంగారి రెండో పథకం.

ఎప్పుడూ మిషన్ మూత ఎత్తి ఎరగని మనిషి షాపు మూసేసి సాధన మొదలుపెట్టాడు. బట్టలు వేయడం, సబ్బు పోయడం, పిండే దశ ఎప్పుడొస్తుందా అని గడియారం పట్టుకుని నిలబడటం. మాసిన బట్టలు అయిపోయాయి. ఉతికినవి మళ్లీ ఉతికాడు. దుప్పట్లు, కర్టెన్లు, గుమ్మం ముందు పట్టా. ఆవిడ ల్యాప్‌టాప్ సంచి కూడా తడిసి తీగ మీదికెక్కింది.

"ఏవండీ, ఆ తువ్వాలు రంగు ఏంటో మీకు గుర్తుందా?"

"తెలుపు."

"నీలం. మీ దెబ్బకి తెల్లబోయింది."

శుక్రవారం ఆవిడ పిలిచిన మెకానిక్ వచ్చాడు. రెండో చరణం గుమ్మంలోనే అడ్డుపడి, "మిషన్ బ్రహ్మాండంగా ఉంది, ఒక్క కాలు కూడా ముట్టుకోవద్దు," అని పంపించేశాడు. ఆవిడ కిటికీలోంచి అంతా చూసింది. శనివారం ఆయన దుప్పటి మోసుకుని వెళ్తుంటే, "ఊరికే కష్టపడుతున్నారు. ఆ చివర బటన్ నొక్కితే పిండటం ఒక్కటే చేస్తుంది," అంది.

భార్య ఇంత అమాయకురాలు కావడం తన అదృష్టం అనుకున్నాడు రెండో చరణం.

ఆదివారం సంఘం దిగింది. రెండో చరణం గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కర్నీ లోపలికి తీసుకొచ్చాడు. తాతగారిని మధ్యలో కూర్చోబెట్టాడు. స్టీరియో డాక్టరు డిస్కు పెట్టాడు. కిటికీ పాట మొదలైంది. పల్లవి అయింది. మొదటి చరణం సగంలో, "టీ చూసొస్తా," అని రెండో చరణం వసారాలోకి పరిగెత్తి, తడి దుప్పటి వేసి ఉంచిన మిషన్‌కి చివర బటన్ నొక్కి, వెనక్కొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

వేణువు వచ్చింది. అందరూ కళ్లు మూసుకున్నారు.

వేణువు ఒక్కటే వచ్చింది. చాలా హాయిగా, చాలా స్పష్టంగా, వేరే ఏ శబ్దమూ తోడు లేకుండా మొదలై అలాగే అయిపోయింది. హీరోయిన్ రెండో చరణం ఎత్తుకుంది. మన రెండో చరణం వసారా వైపు చూశాడు.

"ఆహా," అన్నాడు స్టీరియో డాక్టరు కళ్లు తెరిచి. "విన్నారా? ఫోన్‌లో కన్నా ఇందులోనే లోతుగా ఉంది."

"ముఖ్యంగా ఎడమ పక్క," అన్నారు ఇంకొకరు.

"ఆ తలుపు తట్టడం చూశారా, నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి," అన్నాడు వ్యాసం రాసినాయన, చెయ్యి చాపి అందరికీ చూపిస్తూ.

రెండో చరణం వాళ్లందరి మొహాలూ చూశాడు. "నేను చెప్పలా," అన్నాడు.

తాతగారు దిగాలుగా చెవి మిషన్ తీసి చేతిలో పెట్టుకున్నాడు. "నాకే వినపడలేదురా నాయనా. వేణువొక్కటే వినపడింది. మిషన్ పాడైనట్టుంది. ఇంక ఈ సంఘంలో నాకు పనేముంది?"

టీ ట్రేతో వచ్చిన ఆవిడ అది విని ఆగింది. "మీ మిషన్ బాగానే ఉంది తాతగారూ. బాగైంది మా మిషన్."

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన ఒక్కడు మాత్రం వసారాలోకి పరిగెత్తాడు. మిషన్ పిల్లికూనలా గుర్రుమంటూ తిరుగుతోంది. దాని మీద పానా ఒకటి ఉంది.

"మీరు గేటు దగ్గర ఉన్నప్పుడు కాలు బిగించానండీ. రెండు తిప్పులు, అంతే," అంది ఆవిడ వెనకే వచ్చి. ఆమె వెనక సంఘమంతా వచ్చింది. ఆవిడ మిషన్ ఆపి, వంగి, కాలు లూజు చేసి మళ్లీ స్విచ్ వేసింది.

దడ, దడదడ, దడదడదడ. టంగ్.

గూడ్సు బండి, గుండె చప్పుడు, విధి, అన్నీ వసారాలో వరసగా నిలబడి చూశాయి.

"డాక్టరుగారూ, ఒక చిన్న సందేహం," అంది ఆవిడ. "మొదటి రోజు మొదటి ఆటలో మీరు విన్నదీ ఇదేనా? అప్పటికి మేం దీన్ని కొననే లేదు."

స్టీరియో డాక్టరు తన జీవితంలో మొదటిసారి పేషెంటులా "ఆఁ" అన్నాడు.

రెండో చరణం తల దించుకుని నిలబడ్డాడు. "తాతగారూ, కుర్చీ డాక్టరుకే ఇచ్చేయండి," అన్నాడు.

"వాడికెందుకిస్తాను? లేనిది విన్నాడు. నువ్వు లేనిది వినిపించబోయావు." తాతగారు చెవి మిషన్ మళ్లీ పెట్టుకున్నాడు. "ఆల్బమ్‌కీ తెరకీ తేడా పట్టే సంఘం కదా మనది. ఇన్ని చెవుల్లో అసలు తేడా పట్టింది ఎవరు? అమ్మాయీ, కుర్చీలో నువ్వు కూర్చో."

"నాకు పాటలు రావు తాతగారూ."

"వీళ్లకి మాత్రం వచ్చా? నీకు చెవులున్నాయి, చాలు."

చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. అందరికన్నా ఆఖర్న, అన్నిటికన్నా తక్కువ ఎత్తులో లేచిన చెయ్యి జాయింట్ సెక్రెటరీది.

కొత్త అధ్యక్షురాలు కుర్చీలో కూర్చుని, టీ అందుకుని, సభ ముగిసిందని ప్రకటించింది. "జాయింట్ సెక్రెటరీగారూ, కప్పులు లోపల పెట్టాక ఆ దుప్పటి ఆరేయండి. మీరే కదా తడిపింది."

"రేపు ఆరేస్తా," అనబోయాడు. కుర్చీ వైపు చూశాడు. అధ్యక్షుల మాటకి అప్పీలు లేదన్న నియమం ఆయన రాయించిందే. కప్పులు తీశాడు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి సంగీత విద్వాంసులు ఉండే ఉంటారు. మీ మిక్సీ, మీ పంపు మోటారు, మీ మామగారి గురక, ఏది ఎవరి చెవికి ఏ పాటలో వినిపించిందో, చివరికి ఎవరు కప్పులు తీశారో నాకు రాసి పంపండి. పేర్లు వద్దు, నేనూ చెప్పలేదు కదా.