విలీనం వచ్చిపడింది

"రెండు దేశాలూ ఒక్కటయ్యేదాకా పోరాడతాను! ఇదే నా ఆఖరి శ్వాస!"

మా నాయకుడు ముప్ఫై ఏళ్లుగా ప్రతి సభలోనూ ఆఖరి శ్వాస విడుస్తూనే ఉన్నాడు. విలీన పార్టీకి ఉపన్యాసాలు రాసే ఉద్యోగం నాది. కనక ఆ శ్వాసలన్నీ నా చేతిరాతే. విలీనం కూడదనే సరిహద్దు పార్టీకి అధ్యక్షుడు ఆయన సొంత బావమరిది. వేదికల మీద తిట్టుకుని, ఇంట్లో ఒకే బల్ల దగ్గర భోంచేసేవారు.

మా కార్యాలయం ఊడ్చే అవ్వకు అవతలి దేశంలో ఒక అక్క ఉంది. సరిహద్దు మూసినప్పటినుంచి ఒకరినొకరు చూసుకున్నది లేదు. ప్రతి సభలోనూ అవ్వను వేదికెక్కించి ఏడిపించేవాళ్లం. ఓట్లు జలజలా రాలేవి.

ఒక మంగళవారం పొద్దున రెండు ప్రభుత్వాలూ కాపలా ఖర్చు భరించలేక, ఏ పార్టీకీ చెప్పకుండా, నిజంగానే విలీనమైపోయాయి!

నేను పరుగెత్తాను. నాయకుడు గడ్డం గీసుకుంటున్నాడు.

"అయ్యా! కలిపేశారు!"

"ఎవర్నడిగి?"

"తమరే కదండీ ముప్ఫై ఏళ్లుగా అడుగుతున్నది!"

"అడగడం మన పని. ఇమ్మన్నదెవడు? రేపట్నుంచి నేనేం అడుక్కుతినాలోయ్!"

ఇంతలో బావమరిది చెప్పులైనా లేకుండా వచ్చిపడ్డాడు.

"బావా, నా సరిహద్దు పోయింది!"

"నీకు సరిహద్దే పోయిందిరా. నాకు ఆశయం నెరవేరిపోయింది!"

అవతలా ఇలాంటి బావాబావమరుదులే ఉన్నారట. ఇక కుర్చీ ఒకటి, కూర్చునేవాళ్లు నలుగురు!

అవ్వ మూట కట్టుకుని గుమ్మంలో నిలబడింది, సెలవడగడానికి.

"ఆవిణ్ణి పోనివ్వకోయ్. అక్కను కలిస్తే ఇక ఏడుపెలా వస్తుంది?" అన్నాడు నాయకుడు, అద్దంలోంచి చూపు తిప్పకుండానే.

"ముప్ఫై ఏళ్లు మీ మైకు ముందే ఏడ్చాను బాబూ," అంది అవ్వ నాతో. "మిగిలిన నాలుగు చుక్కలూ అక్క దగ్గర ఏడవనివ్వండి."

వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా బావాబావమరుదులు బోర్డులు మార్చారు. మాది విభజన పార్టీ, వాళ్లది సమైక్య పార్టీ. నేను కూడా కలం అటునుంచి ఇటు తిప్పాను. ఉద్యోగం మరి!

మొదటి సభలోనే నాయకుడు ఊగిపోయాడు. "అవతలివాళ్లొచ్చి మన నీళ్లు తాగేస్తున్నారు! మన పనులు లాగేసుకుంటున్నారు!" ఎవరో చీటీ అందించారు. చదివి గర్జించాడు. "అదిగో, ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలు! వాళ్లలో ఒకావిడ పరాయిది! మొహం చూస్తేనే తెలియడం లేదూ?"

"ఎవరండీ?" అని జనం అరిచారు.

నాయకుడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు వంగాడు.

"ఏది మనదోయ్?"

తన గది ముప్ఫై ఏళ్లు ఊడ్చిన మనిషి!

అవ్వ లేచి నిలబడింది.

"నేనే బాబూ పరాయిదాన్ని!"

అక్క చెయ్యి పట్టుకుని ఆమె నడిచిపోతుంటే జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా మా నాయకుడు!