వంటింటి ప్రమాదమనే ఫిరంగి దెబ్బ

ఈ దేశంలో మనిషికి దక్కగల అదృష్టాలన్నిటిలో గొప్పదేదో చెప్పమంటారా? సరిహద్దు కొండలెక్కి, యూనిఫాం తొడుక్కుని, నెత్తిమీద ఫిరంగి గోలాలు పడుతుంటే పనిచేసి, ఒంట్లో ఇనప ముక్కతో ఇంటికి తిరిగొచ్చి, "నువ్వు సైనికుడివి కాదు" అనిపించుకోవడం!

నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాం.

సైనికుడని ఒప్పుకున్నారే అనుకోండి, ఎన్ని తిప్పలు! ఆగస్టు పదిహేను వస్తే మెడల్స్ తగిలించుకుని ఎండలో నిలబడాలి. కాలనీ అసోసియేషన్ వాళ్లు కప్పే శాలువాలు దాచడానికి కొత్త బీరువా కొనాలి. అపార్ట్‌మెంట్ పిల్లలకి దేశభక్తి మీద స్పీచ్ ఇవ్వాలి. మధ్యలో వాళ్లు ఫోన్లు చూసుకుంటే బాధపడాలి. సైనికుడు కాకపోతే? ఆదివారం పొద్దున హాయిగా పడుకోవచ్చు!

నమ్మకం లేకపోతే కర్మన్‌ఘాట్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండే దానియేలుని అడగండి. పాతికేళ్లకు పైగా ఈ సుఖం అనుభవించిన మనిషి.

దానియేలుది సూర్యాపేట దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లప్పుడు సైన్యంలో చేరడానికి వెళ్లి, పరుగు పందెంలో అందరికన్నా ముందొచ్చాడు. ఛాతీ సరిపోయింది, ఎత్తు సరిపోయింది. అప్పుడు బల్ల దగ్గర కూర్చున్నాయన, "మీ నాన్న ఏం చేస్తాడు?" అని అడిగాడు. చెప్పులు కుడతాడని దానియేలు ఉన్నమాటే చెప్పాడు. ఆయన తల పంకించి, "లంగర్" అన్నాడు. అంటే సైన్యం వాళ్ల వంటశాల.

పరుగు పందేనికీ నాన్న పనికీ ఏమిటి సంబంధం? దానియేలుకి అప్పుడు అర్థం కాలేదు. లంగర్‌లో చేరాక అర్థమైంది. అక్కడ గిన్నెలు తోమేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, ఊడ్చేవాళ్లు అందరూ వాళ్ల నాన్నల గురించి నిజమే చెప్పారు!

నంబరిచ్చారు, బూట్లిచ్చారు, ప్రమాణం చేయించారు. కాగితంలో మాత్రం 'నాన్ కంబాటెంట్' అని రాశారు. యుద్ధంలో ఉంటాడు గానీ యుద్ధం చెయ్యడని అర్థం. ఎంత దూరదృష్టి చూడండి! ఇక దానియేలుకి ఏ ప్రమాదమూ రాకూడదు. ఒకటే చిక్కు. ఆ సంగతి అవతలి దేశపు ఫిరంగికి ఎవరూ చెప్పలేదు.

కొండమీద పోరు జరుగుతున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున దానియేలు టెంటులో పూరీలు వేయిస్తున్నాడు. పై నుంచి గన్నర్ లింగస్వామి దిగొచ్చాడు. ఇద్దరిదీ ఒకే జిల్లా, ఒకే ఈడు.

"దానీ, జర అల్లం గట్టిగెయ్యి రా. సలికి ఏళ్లు వంకర్లు పోతున్నయి," అన్నాడు లింగస్వామి.

దానియేలు గ్లాసులో చాయ్ పోశాడు. లింగస్వామి ఒక గుక్క తాగాడో లేదో, టెంటు ఎగిరిపోయింది. ఒకే గోలా! ఒక ముక్క లింగస్వామి భుజంలో దిగింది. ఇంకో ముక్క దానియేలు ఎడమ తుంటిలో దిగింది. ఆ తుంటితోనే దానియేలు పాకి వెళ్లి, స్నేహితుణ్ణి రేషన్ బస్తాల వెనక్కి ఈడ్చాడు. మళ్లీ పాకి వెళ్లి, కిరసనాయిలు పీపాలకి అంటుకోకుండా స్టవ్ ఆర్పాడు. ఆ తర్వాతే స్పృహ తప్పాడు.

ఆసుపత్రిలో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. ఒక పెద్ద అధికారి పలకరించడానికొచ్చాడు. లింగస్వామి చెయ్యి పట్టుకుని, "శభాష్ జవాన్!" అన్నాడు. తర్వాత మంచానికి తగిలించిన అట్ట చూసి, దానియేలు వైపు తిరిగి, "వంట చేసేటప్పుడు జాగ్రత్తగా ఉండాలయ్యా," అన్నాడు.

లింగస్వామిది యుద్ధ గాయం. దానియేలుది వంటశాలలో ప్రమాదం. లింగస్వామి భుజంలోని ముక్కని తీసి, సీసాలో పెట్టి ఇచ్చారు. దానియేలు తుంటిలోది లోతుగా ఉందని వదిలేశారు. కుంటివాడు పనికిరాడని కొన్నాళ్లకి ఇంటికి పంపారు. పెన్షన్ లేదు, సైనికుల దవాఖాన కార్డు లేదు. ఎంత తేలిక జీవితం! మోసుకు తిరగడానికి ఒక్క కార్డు కూడా లేదు.

పెళ్లిచూపుల్లో మల్లమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "కాలు మీద నూనె వడ్డదా?" నిజం చెబితే ఆమె నమ్మింది. కానీ కోపమొచ్చినప్పుడల్లా, "మా ఆయన పూరీలతోని యుద్ధం జేసిండు," అని చుట్టుపక్కల వాళ్లని నవ్వించడం మానలేదు. దానియేలూ నవ్వేవాడు. నవ్వి, కాసేపు బయటికి వెళ్లి నిలబడేవాడు.

చైతన్యపురిలో కోచింగ్ అమ్మాయిల హాస్టల్ ఒకటుంది. దాని ఓనరు సూర్యప్రభ. తెనాలి వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ హిందీ టీచర్. ఆమె దగ్గర దానియేలు వంట మాస్టరు. ఏళ్ల తరబడి "దానియేలూ, ఉప్మాలో ఉప్పేదీ?" అన్నంత వరకే వాళ్ల పరిచయం.

ఒకరోజు పెద్ద గిన్నెలు కొనాలని బేగంబజారుకి ఆయన్ని మెట్రోలో తీసుకెళ్లింది. దానియేలు బస్సులో వస్తానని బతిమాలాడు. ఆమె వినలేదు. స్టేషన్‌లో డిటెక్టర్ గేటు దాటగానే కుయ్‌మని మోత! జేబులు ఖాళీ చేశాడు. మళ్లీ మోత. బెల్టు తీశాడు. మళ్లీ మోత. సెక్యూరిటీ అతను చేతిలోని మిషన్ని తుంటి దగ్గర పెడితే అది ఆగకుండా ఏడ్చింది.

"ఏందన్నా ఇది? లోపలేం వెట్టినవ్?"

"గోలా తునక. పాతది," అన్నాడు దానియేలు నేల చూపులు చూస్తూ.

క్యూ అంతా నాలుగడుగులు వెనక్కి జరిగింది. సూర్యప్రభ మాత్రం ముందుకొచ్చింది. "గోలా ఏంటి? ఎక్కడిది? నాకెందుకు చెప్పలేదు?" అని అక్కడే నిలేసింది. వెనక జనం గొణుగుతున్నా ఆమె కదల్లేదు. దానియేలు కథంతా చెప్పాడు. విని ఆమె కాసేపు మాట్లాడలేదు. ఆమె జీవితంలో అదే మొదటిసారి అయ్యుండాలి.

"పదండి దానియేలు గారూ," అంది చివరికి.

ఆ 'గారు' వినగానే దానియేలు వెనక్కి తిరిగి చూశాడు, పెద్దమనిషెవరైనా వచ్చారేమోనని!

ఆ రోజు గిన్నెలు కొనలేదు. దారిలోనే ఇంకో సంగతి బయటపడింది. ఆ ముక్క ఈమధ్య కదిలింది. ఎడమకాలు మొద్దుబారుతోంది. త్వరగా తీయించకపోతే కాలే పోవచ్చని డాక్టరు అన్నాడు. బయట ఆపరేషన్ చేయించుకునే స్తోమతు లేదు. కాలు పోతే పొయ్యి ముందు నిలబడేదెట్లా?

ఇక సూర్యప్రభని ఆపగలిగేదెవరు? వయసంతా పిల్లల తప్పులు దిద్దిన మనిషి. రిటైరయ్యాక దిద్దడానికి తప్పుల్లేక అల్లాడిపోతున్న మనిషి. ఆమెకి ఏకంగా ఒక ప్రభుత్వ కార్యాలయం దొరికింది! రాష్ట్రభాష హిందీలో ఆమె రాసిన అర్జీలకి అవతల గుమస్తాలు నిఘంటువులు తెప్పించుకున్నారట. దానియేలుని వెంటేసుకుని, ఆమె మెట్లెక్కని ఆఫీసు లేదు. మెట్లెక్కడం గుండెకి మంచిది. సైనికుడు కానివాడికి ఈ వ్యాయామం ఉచితం!

చివరికి సైనికుల పెన్షన్ల ఆఫీసులో ఒక అధికారి దగ్గర విచారణ పడింది. సాక్షిగా లింగస్వామిని తీసుకెళ్లాలి. అతనిప్పుడు ఎల్‌బీ నగర్‌లో ఉంటాడు. ఒక షోరూమ్ దగ్గర సెక్యూరిటీ. దానియేలు దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర చాయ్ బండి కాడ అతనికి విషయం చెప్పాడు.

"గిన్నేండ్లయింది. నన్నెందుకు అడగలే రా?" అన్నాడు లింగస్వామి.

"నీకెందుకులే పరేషాన్ అని."

"పరేషాన్ గాదు రా. ఆ పెద్దాయన నిన్నట్ల అన్నప్పుడు నేను పక్క మంచంలనే ఉన్న. నోరు దెరవలే." లింగస్వామి గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పుడు రావాలె చెప్పు."

విచారణ రోజున అధికారి చాలా మర్యాదగా మాట్లాడాడు. "చూడండమ్మా, పోరాటంలో పాల్గొంటూ గాయపడితేనే యుద్ధ గాయం. ఈయన పూరీలు వేయిస్తున్నాడు. పూరీలు వేయించడం పోరాటం కాదు కదా?"

"ఒప్పుకున్నాను. మరి లింగస్వామి గారిది?" అంది సూర్యప్రభ.

"ఆయనది నిస్సందేహంగా యుద్ధ గాయమే. రికార్డులో ఉంది."

సూర్యప్రభ పక్కకి తిరిగింది. "లింగస్వామి గారూ, గోలా పడ్డప్పుడు మీరు ఏ ఆయుధం పేలుస్తున్నారండీ?"

లింగస్వామి లేచి, అటెన్షన్‌లో నిలబడ్డాడు. "చాయ్ తాగుతున్న మేడమ్!"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంటే, చాయ్ తాగితే యుద్ధం. చాయ్ పోస్తే వంటింటి ప్రమాదం. అంతేనాండీ?" అంది సూర్యప్రభ.

అధికారి మాత్రం తక్కువవాడా? "అయినా ఆయన ఒంట్లోది గోలా ముక్కే అని రుజువేంటి? కుక్కర్ పేలి ఉండొచ్చుగా. బయటికి తీసి పరీక్ష చేయించండి."

"తియ్యాలంటే దవాఖాన కార్డు కావాలె గద సార్?" అన్నాడు దానియేలు.

"కార్డు కావాలంటే అది గోలా ముక్క అని రుజువు కావాలి," అన్నాడు అధికారి.

ఎంత అందమైన ఏర్పాటు! ఎక్కడా ఒక్క అతుకు కనబడదు. ఇంత గుండ్రంగా దానియేలు పూరీ కూడా ఎప్పుడూ రాలేదు.

అప్పుడు లింగస్వామి జేబులోంచి చిన్న గాజు సీసా తీసి, బల్లమీద పెట్టాడు. అందులో తుప్పు పట్టిన ఇనప ముక్క. "ఇది నా బుజంల దొరికింది సార్. మీ మిల్ట్రీ డాక్టర్లే తీసిచ్చిండ్రు. గోలా అని మీ రికార్డే చెప్తది. ఆనాడు వడ్డది ఒక్కటే గోలా. నాది గోలా అయితే వానిది గూడ గోలానే. వానిది కుక్కరైతే నాది గూడ కుక్కరే. నా పెన్షన్ వాపస్ దీస్కోండ్రి."

దానియేలు అతని చొక్కా పట్టి లాగాడు. "కూసో రా లింగా!"

"కూసోను. ఆనాడు నన్ను బస్తాల ఎనకకి గుంజింది వీడే సార్. గుంజకపోతే నేను లేను."

అధికారి సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆలోచిస్తాం," అన్నాడు. ఆ గొంతులో మొదటి మర్యాద లేదు. దానికన్నా మంచిదేదో ఉంది.

నిజంగానే ఆలోచించారు! కొన్ని నెలలకి ఉత్తర్వు వచ్చింది. దాని సారాంశం ఇది: గోలా పేలిన క్షణం నుంచి స్ట్రెచర్ వచ్చేదాకా దానియేలు పోరాట యోధుడే. అంతకు ముందూ ఆ తర్వాతా వంటవాడే. అది చదివి సూర్యప్రభకి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇదెక్కడి చోద్యమండీ! స్ట్రెచర్ ఇంకాస్త ఆలస్యంగా వచ్చుంటే బాగుండేది!" అంది. దానియేలుకీ నవ్వాగలేదు. ఎందుకంటే ఉత్తర్వుతోపాటు దవాఖాన కార్డు కూడా వచ్చింది.

ఆపరేషన్ అయింది. కాలు దక్కింది. హాస్టల్ అమ్మాయిలు ఆయన్ని వారం పాటు గరిటె ముట్టుకోనివ్వబోమని శపథం చేసి, తామే ఉప్మా చేశారు. ఆ ఉప్మా తిన్నాక, గోలా దెబ్బే నయమని ఆయన మల్లమ్మతో రహస్యంగా చెప్పాడట. మల్లమ్మ ఆ రోజు పూరీల జోకు వెయ్యలేదు. పక్కింటావిడ అడిగితే, "మా ఆయన మిల్ట్రీల కొట్లాడిండు," అంది. లోపలి గదిలో పడుకున్న దానియేలు అది విన్నాడు. కళ్లు మూసుకున్నాడు గానీ నిద్ర పోలేదు.

కథ ఇక్కడ ఆపితే మీరు చప్పట్లు కొట్టి, టీ తాగి, పేజీ తిప్పేస్తారు. కానీ హాస్టల్‌కి తిరిగొచ్చిన కొత్తలో దానియేలుకి ఒక ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను భిక్షపతిని. యాదికున్ననా?"

ఎందుకు లేడు! అదే కొండమీద ఊడ్చే పని చేసినవాడు. దారి లేని చోట, మంచులో, చనిపోయిన జవాన్లని వీపున వేసుకుని కిందికి దించినవాడు. గోలాలు ఆగేదాకా ఆగమంటే ఆగనివాడు.

"నీకు కార్డు ఒచ్చిందట గద. మంచిగైందన్నా. మరి నాకు ఒక్క తునక గూడ తగల్లే. నేనేం చూపియ్యాలె?"

చూశారా నిర్లక్ష్యం! అన్ని రోజులు గోలాల మధ్య తిరిగాడు, కాస్త ముందుచూపుతో ఒక్క ముక్కయినా తగిలించుకోవద్దూ? చేతులూ కాళ్లూ క్షేమంగా ఇంటికొచ్చేసి, ఇప్పుడు నేనూ అక్కడే ఉన్నానంటే ఎవరు నమ్మాలి? ఒంట్లో ఇనుము ఉంటే తప్ప, ఊడ్చినవాడు, వండినవాడు, శవాలు మోసినవాడు అక్కడ ఉన్నట్టా, లేనట్టా? వాడి నాన్న చేసిన పనే వాడికీ రాసిపెట్టినవాళ్లు, వాడు చేసినదాన్ని మాత్రం ఎక్కడా రాయలేదే!

దానియేలు ఫోన్ సూర్యప్రభ చేతికిచ్చాడు.

"భిక్షపతి గారూ, నా పేరు సూర్యప్రభ. మీరు కిందికి మోసుకొచ్చినవాళ్ల పేర్లు ఏమైనా గుర్తున్నాయాండీ?"

ఆమె కొత్త అర్జీ కోసం తెల్ల కాగితం ముందుకి లాక్కుంది.

"అందరియి యాదికున్నయి మేడమ్."