మామగారి నల్లరాతి బల్ల

సోమవారం పొద్దున చక్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందురోజు మారెమ్మ పండగకు వచ్చి ఉండిపోయాడు గనక, అత్తగారింట్లోనే కూర్చుని ఆఫీసు మీటింగు కానిచ్చి, రెండు ఓళిగలు, అదే బొబ్బట్లు, తిని, భార్య లక్ష్మీప్రియతో హోసూరు బస్సెక్కాలి. ఆ మీటింగులో తాను గీసిన యంత్రం బొమ్మను పెద్ద ఇంజనీరుకు కంప్యూటర్లో తిప్పి తిప్పి చూపించాలి. ఆయనకు నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, నచ్చకపోతే మూటాముల్లె సర్దుకుని సొంతూరు ఏలూరుకు ప్రయాణం.

గురుబరపల్లిలో మామ సుబ్బరాయప్పకు ఈ మీటింగు మీద అల్లుడికంటే ఎక్కువ శ్రద్ధ. అల్లుడు వస్తే లాప్‌టాప్ పెట్టుకుంటాడని, తన చేలో బయటపడ్డ నల్లరాయిని కృష్ణగిరిలో కోయించి, అద్దంలా పాలిష్ పట్టించి బల్ల చేయించాడు. అందులో ముఖం చూసుకుంటూ గడ్డం గీసుకోవచ్చు. ఆయన గీసుకున్నాడు కూడా.

చక్రి ఆ బల్ల ముందు కూర్చుని మౌస్ కదిపాడు. తెరమీద బాణం కదలలేదు. మళ్లీ కదిపితే ఒక్క గెంతు గెంతి మూలకు పోయి నక్కింది. లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ కాఫీ ఒలికి ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి ఈ వైర్‌లెస్ మౌసే దిక్కు. హోసూరులో నిన్నమొన్నటిదాకా బాగానే ఉందనీ, ఇక్కడికొచ్చాకే ఇలా చేస్తోందనీ నోరు జారాడు.

సుబ్బరాయప్ప ముఖం మాడిపోయింది. "ఈడ ఏమి తక్కువైందప్పా?" అన్నాడు.

అక్కణ్ణించి కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది. లక్ష్మీప్రియ గోడగడియారం బ్యాటరీ తీసి మౌసులో వేసింది. గడియారం ఆగింది గాని మౌస్ దారికి రాలేదు. కోయంబత్తూరులో చదివే ఆమె తమ్ముడు రక్షిత్, దగ్గర్లో నడిచే కరెంటు సామాన్లు సిగ్నల్‌ను చెడగొడుతున్నాయేమో చూడమని ఫోనులో చెప్పాడు. చూడడమెందుకని సుబ్బరాయప్ప ఏకంగా మెయినే ఆపేశాడు. మిక్సీలో చట్నీ సగంలో ఆగిపోయి, అత్తగారు నంజమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. ఇంట్లో ఇంటర్నెట్టూ పోయింది. కంగారుగా మెయిన్ మళ్లీ వేస్తే ఫ్యూజు కాలిపోయింది.

ఇక మిగిలింది సెల్‌ఫోను నెట్టు. అది మిద్దెమీద తప్ప అందదు. చక్రి లాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లవైపు పరుగెత్తాడు.

"నిలబడప్పా. మా అల్లుడు నేలమీద కూసుంటాడా? బల్ల వస్తాది," అన్నాడు మామ.

పక్కింటి ముత్తప్ప, అంకప్ప వచ్చి బల్ల ఎత్తారు. మెట్ల మలుపులో అది ఇరుక్కుంది. కింద ముగ్గురు, పైన చక్రి. తలా ఒక దిక్కు లాగితే ఎలాగో ఊడింది గాని, గోడ సున్నమంతా అంకప్ప నెత్తిన రాలింది.

మీటింగు మొదలైంది. మిద్దెమీద ఎండ మండిపోతోంది. పెద్ద ఇంజనీరు బొమ్మను తిప్పి చూపమన్నాడు. చక్రి మౌసును ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు. బాణం చలించలేదు. "ఒక్క నిమిషం సార్" అని అన్నదే అంటూ ఉంటే అవతల ఆయన గొంతులో మర్యాద తగ్గుతూ వచ్చింది. ఉద్యోగం పోయినట్టేనని చక్రికి ఏడుపొచ్చింది. ఈలోగా ఎండకు రాయి కాగి మణికట్టు చురుక్కుమని, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కాలినాదా నాయనా?" అని సుబ్బరాయప్ప భుజం మీది తువాలు తీసి, మడతలు వేసి, అల్లుడి చేతికింద పరిచాడు.

మౌస్ తువాలు మీదికెక్కింది. బాణం పెంపుడు లేగదూడలా చెప్పినచోటికల్లా నడిచింది. చక్రికి అప్పుడు తెలిసింది, తప్పు మౌసుది కాదు. దాని అడుగున ఉండే చిన్న దీపానికి కిందున్న గరుకే ఆధారం. ఆ నున్నటి నల్లటద్దంలో వెతికి వెతికి దాని కళ్లు కాయలు కాచాయి.

బొమ్మ గిరగిరా తిరిగింది. పెద్ద ఇంజనీరు బాగుందన్నాడు. ఉద్యోగం ఖాయమన్నాడు. బతుకు జీవుడా అనుకుంటూ చక్రి బల్లమీద వాలబోయి, వేడికి మళ్లీ లేచాడు.

"ఇంతకీ దానికి ఏమైనాదప్పా?" అని మామ అడిగాడు.

చెమటకు చొక్కా తడిసి ముద్దయి నిలబడ్డ ఆ పెద్దమనిషిని చూస్తే చక్రికి నిజం చెప్పబుద్ధి కాలేదు. "మౌసు కింద ఎప్పుడూ ఏదో ఒకటి ఉండాలండి, మావయ్యగారూ. ఉత్త బల్లమీద నడవదు," అన్నాడు. బల్లకు మాట రానందుకు సుబ్బరాయప్ప ముఖం విప్పారింది. అందరూ కిందికి దిగి, సగం రుబ్బిన చట్నీతోనే హాయిగా టిఫిను తిన్నారు.

పై ఆదివారం సుబ్బరాయప్ప హోసూరుకు వచ్చి అల్లుడి చేతిలో బరువైన బహుమతి పెట్టాడు. మౌసు కిందికని అదే రాయిలోంచి కోయించిన పలక, పాలిష్ మాత్రం ఈసారి రెండింతలు పట్టించాడట.