వెనకకాళ్ళ శాఖ

అడవి కుందేళ్ళను లెక్కపెట్టడం ప్రభుత్వం మానుకుంది. లెక్కపెట్టబోతే అవి పరిగెత్తుతున్నాయనీ, ప్రభుత్వ కార్యక్రమానికి బొత్తిగా సహకరించడం లేదనీ నివేదిక అందడమే కారణం. ఇకపై దొరికినవాటి వెనకకాలు కొలిస్తే చాలునని శాస్త్రజ్ఞులు సెలవిచ్చారు. తిండి పుష్కలంగా ఉన్నచోట పిల్లల కాళ్ళు పొడుగ్గా సాగుతాయి, కరువైన చోట పొట్టిగా మిగిలిపోతాయి. కాబట్టి కాలు చూసి కొండ మొత్తం క్షేమసమాచారం తెలుసుకోవచ్చు. మాట సబబుగానే ఉంది. అందుకని దాన్ని అమలు చేయడానికి ఒక శాఖ పెట్టారు.

శాఖకు వచ్చిన డైరెక్టరుగారు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. ఆ పదవికి అంతకన్నా అర్హుడు దొరకడని అందరూ ఒప్పుకున్నారు. ఆయన కింద పనిచేసే కొలతగాడు మాత్రం కుందేలుకు నాలుగు కాళ్ళని నమ్మే అమాయకుడు. పైగా టెంపరరీ. పర్మినెంటు ఆర్డరు కోసం ఏళ్ళ తరబడి అతని కళ్ళు కాయలు కాశాయి. భార్య రోజూ భోజనంతో పాటు ఆ ప్రస్తావన కూడా వడ్డించేది.

ఆఫీసు వెనక బోను పెట్టి, క్యాంటీన్‌లో మిగిలిన రొట్టె వేశారు. మొదటిరోజే ఒక కుందేలు పడింది. కొలిచి వదిలేస్తే మర్నాడు మళ్ళీ అదే వచ్చింది. ఆ తర్వాతా అదే. కొన్నాళ్ళకు కొలతగాణ్ణి చూడగానే తనంతట తానే కాలు చాపడం మొదలుపెట్టింది. ఆఫీసులో అతన్ని పలకరించే ప్రాణి అదొక్కటే కావడంతో అతనికి దానిమీద మమకారం పుట్టింది. అయినా మనసు ఊరుకోక ఒకరోజు చెప్పేశాడు.

"సార్, రోజూ ఒకటే వస్తోందండీ. చెవి చిరిగి ఉంటుంది, చూడండి."

"నిన్ను చెవులెవరు చూడమన్నారయ్యా? మనది కాళ్ళ శాఖ. చెవులకు వేరే శాఖ వస్తే వాళ్ళు చూసుకుంటారు."

ఆ విధంగా కొలతకొక కుందేలు చొప్పున రిజిస్టరులో కొండ నిండిపోయింది. ఇన్ని కుందేళ్ళు ఊరిమీద పడితే ఏమిటి గతి అని పౌరులు ఊరేగింపు తీశారు. వారి భయాన్ని గౌరవించి ఊరి చుట్టూ, ముఖ్యంగా కుందేళ్ళ శాఖ చుట్టూ, కంచె వేయించారు. కంచె పూర్తయిన రోజు మన కుందేలు బయట ఉండిపోయింది. గేటు దగ్గరికి వస్తే వాచ్‌మన్ గుర్తింపు కార్డు అడిగాడట. మళ్ళీ రాలేదు. కొలతగాడు రొట్టెముక్క చేత పట్టుకుని కొండంతా తిరిగాడు. అది కాదు కదా, ఇంకే కుందేలూ కనబడలేదు. ఉన్న ఒక్కదాన్నీ తామే తరిమేశామని తెలిసి అతని ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా ఆ వారమే పై అధికారి తనిఖీకి వస్తున్నట్టు కబురు. కుందేలును స్వయంగా చూసి తృప్తి చెందితే కొలతగాడి పర్మినెంటు ఆర్డరు మీద అక్కడికక్కడే సంతకం చేస్తారట. అతను ఇంటికొచ్చి కూలబడ్డాడు.

"దీనికింత దిగులెందుకండీ?" అంది భార్య. "పక్కింటి పిల్ల దగ్గర తెల్ల కుందేలుంది కదా. ఒక్క పూటకి అడిగి తెస్తాను."

"అది అడవిది కాదే."

"ఆయనేమన్నా అడవిలోంచి వస్తున్నాడా?"

పై అధికారి వచ్చారు. బల్లమీద కూర్చున్న తెల్ల కుందేలును చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత ప్రసంగించారు.

"నా సర్వీసులో చూసిన అడవి కుందేళ్ళన్నీ మట్టిరంగువే. ఈ శాఖ కృషి వల్ల అవి రంగు తేలాయి. కాలు కాస్త పొట్టిదే కావచ్చు. ఈ రంగు ముందు కాలెంత?"

కొలతగాడు ఇక ఆగలేకపోయాడు. "అయ్యా, ఇది పెంపుడుదండీ. కొండమీద ఒక్క కుందేలు కూడా లేదు."

"చూశారా వినయం," అన్నారు పై అధికారి. "అడవి జంతువును ఇంతగా మచ్చిక చేసి కూడా గొప్ప చెప్పుకోడు." అని సంతకం చేశారు.

మర్నాడు పత్రికలో ఆ రంగు వార్త పడింది. ఆఫీసు ముందు జనం బారులు తీరారు. కొండమీద కుందేళ్ళు ఏమయ్యాయని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. కూతుళ్ళను వెంటబెట్టుకొచ్చిన తల్లులు మాత్రం గొంతు తగ్గించి, "దానికి ఏం పెట్టారు నాయనా?" అని అడిగి వెళ్ళారు. వాళ్ళ తెలివితక్కువతనానికి జాలిపడుతూ అతను ఇంటికి చేరాడు.

ఆ కుందేలును పక్కింటి నుంచి స్వయంగా చంకనపెట్టుకుని తెచ్చిన భార్య, కూతురి ముందు పచ్చి క్యాబేజీ ఆకుల పళ్ళెం పెట్టి కూర్చుంది.

"పక్కింటి పిల్లనడిగి కనుక్కున్నానండీ. దానికి ఇవే వేస్తారట."

కూతురు తండ్రి వైపు దీనంగా చూసింది. పర్మినెంటు ఉద్యోగి కాసేపు నిలబడి ఆలోచించాడు. తర్వాత పక్కన చతికిలబడి, తానూ ఒక ఆకు అందుకున్నాడు.